కొండే మంచె: ఎల్క్ వేటలో ఎక్కడ కూర్చోవాలి, దేంతో చూడాలి

మొన్న ఆదివారం మా బావమరిది డాలస్ నుంచి ఫోన్ చేశాడు. కొలరాడో డ్రాలో, అంటే వేట పర్మిట్ల లాటరీలో, ఈసారి వాడికి ఎల్క్ టాగ్ తగిలింది, అక్టోబర్ రైఫిల్ సీజన్‌కి. ఎల్క్ అంటే ఇక్కడి పెద్ద జాతి జింక, టాగ్ అంటే దాన్ని వేటాడే పర్మిట్. వాడి గొంతులో ఆ సంతోషం వింటే నాకూ హుషారొచ్చింది. "బావా, 60 ఎక్స్ స్పాటింగ్ స్కోప్ ఒకటి సేల్‌లో ఉంది, ఇవాళ రాత్రితో ఆఫర్ అయిపోతుంది, కొనేయనా?" అన్నాడు. (ఒంటికన్నుతో చూసే పొడుగు దుర్భిణి అది, అరవై రెట్లు పెద్దగా చూపిస్తుంది.) ఆగరా బాబూ, ఇప్పుడే కొనకు అన్నాను. ఎందుకు వద్దో గంటసేపు చెప్పాను, అయినా సగమే చెప్పినట్టు అనిపించింది. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. ఈ మధ్య డెన్వర్, సాల్ట్ లేక్ సిటీ వైపు మనవాళ్లు కూడా కొంతమంది వేట మొదలుపెడుతున్నారు కాబట్టి వాళ్లకీ పనికొస్తుంది.

ముందు ఒక తేడా అర్థం కావాలి. టెక్సస్‌లో దాదాపు అంతా ప్రైవేటు భూమే. మావాడు ఇన్నేళ్లూ వేటాడింది లీజుకి తీసుకున్న రాంచ్‌లో, మొక్కజొన్న గింజలు చల్లే ఫీడర్‌కి వంద యార్డుల దూరంలో బ్లైండ్‌లో, అంటే జంతువుకి కనపడకుండా దాక్కునే గూడులో, కూర్చుని. జింక ఎక్కడికి వస్తుందో అక్కడ ముందే తెలుసు, ఎప్పుడొస్తుందా అని కాచుకోవడమే మిగిలింది. కొలరాడోలో అలా కాదు. ఇక్కడ మూడో వంతుకు పైగా భూమి ఫెడరల్ ప్రభుత్వానిది, టాగ్ ఉన్నవాళ్లెవరైనా ఆ నేషనల్ ఫారెస్టుల్లో వేటాడుకోవచ్చు. ఎల్క్ కూడా అమెరికాలో ఏ రాష్ట్రంలోనూ లేనన్ని ఇక్కడే ఉన్నాయి, రెండున్నర లక్షలకు పైగా. కానీ అవి పంచిపెట్టినట్టు ఉండవు. ఒక లోయలో నలభై ఉంటాయి, దాని చుట్టూ ఉన్న నాలుగు లోయల్లో పేడ ఉంటుంది, పాత అడుగులుంటాయి, జంతువు మాత్రం ఉండదు. తొమ్మిది, పదివేల అడుగుల ఎత్తులో ఆ లోయలన్నీ కాళ్లతో తిరిగి వెతుకుదామంటే మూడో రోజుకి మోకాళ్లు చెప్పేస్తాయి. పైగా మన వాసన, మన అలికిడి ముందే వెళ్లి వాటిని లేపేస్తాయి. అందుకే ఇక్కడివాళ్లు ఒకచోట కూర్చుని కళ్లతో నడుస్తారు. బైనాక్యులర్స్ లాంటి గ్లాసులతో వెతకడం కాబట్టి గ్లాసింగ్ అంటారు దాన్ని.

నాకు ఈ మాట విన్న మొదటిరోజే మా ఊరి మంచె గుర్తొచ్చింది. మాది మార్కాపురం దగ్గర పల్లె, మా చేలు దాటితే నల్లమల గుట్టలు మొదలవుతాయి. వేరుశనగ ఊడలు దిగేప్పటికి అడవి పందులు రాత్రుళ్లు చేలో పడేవి, ఒక్క మంద వచ్చిపోతే దున్నినట్టే ఉండేది. మంచె మీద కాపలాకి నాన్నతో పాటు నేనూ వెళ్లేవాణ్ణి. "చేను నడిమధ్యకి చూస్తావేంరా, గట్టు వార చూడు, నీడ ఉన్నచోట చూడు, పంది ఆడ నిలబడి విన్నాకే చేలోకి దిగుద్ది" అనేవారు. ఇంకోమాట కూడా అనేవారు, చూసిందే మళ్లీ చూడు అని. పదేళ్ల పిల్లాడికి అది విసుగు. ముప్పై ఏళ్ల తర్వాత రౌట్ నేషనల్ ఫారెస్ట్‌లో ఒక బండకి ఆనుకుని కూర్చున్నప్పుడు ఆ రెండు మాటలే నా వేటకి ఆధారమయ్యాయి. (మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరం, మావాళ్లు చేసింది కాపలా మాత్రమే, డబ్బా కొట్టి తరమడమే. అది వేరు, ఇక్కడ లైసెన్స్, కోటా, సీజన్ ప్రకారం జరిగేది వేరు.)

అందుకని కొనాల్సినవాటి కంటే ముందు కూర్చోవాల్సిన చోటు గురించే చెప్తాను. ఎంత ఖరీదైన గ్లాసైనా అడ్డంగా కొండ ఉంటే దాని అవతల చూపించదు కదా.

నేను వెళ్లేది నార్త్ పార్క్ వైపు. ఫోర్ట్ కాలిన్స్ నుంచి 14వ నంబర్ హైవే మీద కామెరన్ పాస్ ఎక్కి దిగితే వాల్డెన్ వస్తుంది, చుట్టూ కొండలు, మధ్యలో పెద్ద తాంబాళంలా మైదానం. ఇలాంటి చోట నేను చూసేది అన్నిటికన్నా ఎత్తైన శిఖరం కాదు. మొదటి ఏడాది అలా ఎక్కాను, అందంగా కనపడింది కానీ అంత పైనుంచి చూస్తే చెట్ల తలలే కనపడతాయి, చెట్ల కింద ఏముందో కనపడదు. ఎదుటి వాలుని ఎదురుగా, గోడ మీద క్యాలెండర్ చూసినట్టు చూడగలిగే చోటు కావాలి. అంటే లోయకి ఇవతలి కొండ మీద, సగం నుంచి పైభాగం మధ్యలో, ఎదుటి వాలుకి ఎనిమిది వందల నుంచి పదిహేను వందల యార్డుల దూరంలో. కొండ వెన్ను మీద మాత్రం కూర్చోకూడదు, ఆకాశం ముందు మన ఆకారం నల్లగా తేలిపోతుంది, ఎల్క్ మైలు దూరం నుంచి పసిగడతాయి. ఇరవై, ముప్పై అడుగులు కిందికి దిగి, వెనకాల బండో చెట్టో ఉండేలా చూసుకోవాలి.

ఎండ సంగతి చాలామంది మర్చిపోతారు. పొద్దున సూర్యుడు మన వీపుకి ఉండాలి. అంటే లోయకి తూర్పు పక్కన కూర్చుని పడమటివైపు కొండని చూడాలి, తొలి ఎండ ఆ కొండ మీదే పడుతుంది, లేత రంగు ఎల్క్ ఒళ్లు ఆ వెలుగులో గోధుమ గింజలా మెరుస్తుంది. సాయంత్రం దీనికి తలకిందులు. అందుకని ఒక లోయకి నేను రెండు సీట్లు పెట్టుకుంటాను, పొద్దుటిది ఒకటి, సాయంత్రానిది ఒకటి, మధ్యాహ్నం నెమ్మదిగా ఒకదాన్నుంచి ఇంకోదానికి మారతాను. ఎండ ఎదురుగా కొడుతుంటే ఎంత మంచి లెన్స్‌లోనైనా పొగమంచులా తెల్లగా పరుచుకుంటుంది, కళ్లు మంట పెట్టడం తప్ప లాభం లేదు.

గాలి ఇంకా ముఖ్యం. తెల్లవారుజామున చల్లగాలి బరువుగా కొండ మీద నుంచి లోయలోకి జారుతుంది. ఎండెక్కి వాలు వేడెక్కాక, తొమ్మిది, పది గంటల ప్రాంతంలో, గాలి తిరిగి కింద నుంచి పైకి లేస్తుంది. సాయంత్రం నీడ పడగానే మళ్లీ కిందికి. కూర్చున్న చోటు నుంచి మన వాసన ఏ సమయంలో ఎటు పోతుందో ఆలోచించకుండా కూర్చుంటే, మనం చూడకముందే మనల్ని వాసన చూసి వెళ్లిపోయిన మందని ఎప్పటికీ లెక్కపెట్టలేం. లోయ అవతల పక్క నుంచి చూడటంలో ఉన్న గొప్ప సుఖం ఇదే, మధ్యలో అంత ఖాళీ ఉంటుంది కాబట్టి వాసన అవతలికి చేరేలోపు చెదిరిపోతుంది.

ఇక ఎదుటి కొండ మీద ఏం చూడాలి. తెల్లారేటప్పుడు ఎల్క్ పచ్చిక బయళ్ల అంచుల్లో మేస్తుంటాయి. పొద్దెక్కేకొద్దీ ఉత్తరం వైపు వాలుల్లో ఉండే చిక్కటి స్ప్రూస్ అడవిలోకి వెళ్లి పడుకుంటాయి, అక్కడ చల్లగా ఉంటుంది కాబట్టి. పడుకునేది ఎక్కువగా కొండ పైభాగంలో వచ్చే చిన్న చిన్న చదునుల మీద. ఇక్కడివాళ్లు బెంచ్ అంటారు, మన ఇంటి ముందు అరుగులాంటిది అనుకోండి. టోపో మ్యాప్‌లో, అంటే ఒకే ఎత్తున్న చోట్లని కాంటూర్ గీతలతో కలిపి చూపించే మ్యాప్‌లో, దీన్ని ఇంట్లో కూర్చునే పట్టుకోవచ్చు. కాంటూర్ గీత, గీతకి మధ్య ఈ కొండల్లో మామూలుగా 40 అడుగుల ఎత్తు తేడా, గీతలన్నీ దగ్గర దగ్గరగా ఉండి ఒకచోట హఠాత్తుగా ఎడం వచ్చిందంటే అక్కడ అరుగు ఉందన్నమాట. రెండు శిఖరాల మధ్య గీతలు ఇసుక గడియారం నడుములా సన్నబడితే అది కనుమ, అవి లోయ మారేది అక్కడి నుంచే. నేను వేసవి రాత్రుళ్లు పిల్లలు పడుకున్నాక మ్యాప్ తెరిచి ఇలాంటివి గుర్తు పెట్టుకుంటాను, పక్కనే ప్రైవేటు భూమి సరిహద్దు ఎక్కడుందో కూడా చూసుకుంటాను. శాటిలైట్ బొమ్మని 3డీలో తిప్పి నేను కూర్చోబోయే చోటు నుంచి ఎదుటి అరుగు కనపడుతుందా లేదా అనేది కూడా ముందే చూసుకోవచ్చు. నేను ఎంచుకున్న పది సీట్లలో ఏడు ఇక్కడే కొట్టుకుపోతాయి.

కాలిపోయిన అడవుల్ని వదలొద్దు. 2020లో కామెరన్ పీక్ మంటల్లో 2 లక్షల ఎకరాలకు పైగా కాలింది, కొలరాడో చరిత్రలో అదే అతిపెద్దది, అదే ఏడాది ఈస్ట్ ట్రబుల్‌సమ్ మంటల్లో ఇంకో 1.9 లక్షల ఎకరాలు పోయాయి. ఆ పొగకి ఫోర్ట్ కాలిన్స్‌లో పట్టపగలు ఆకాశం నారింజ రంగులోకి మారిన రోజులు నాకింకా కళ్లముందున్నాయి. కానీ నీడ పోయిన నేల మీద ఇప్పుడు గడ్డి, ఆస్పెన్ పిలకలు బాగా లేస్తున్నాయి, ఎల్క్ వాటి కోసం వస్తున్నాయి. మోడు చెట్ల మధ్య నుంచి చూపు కూడా లోపలిదాకా వెళ్తుంది. ఒకటే జాగ్రత్త, గాలి వీచేప్పుడు ఆ మోడులు చెప్పకుండా పడతాయి, వాటి మధ్యలో కూర్చోవద్దు, అవతలి నుంచి చూడండి.

సీజన్ని బట్టి ఇదంతా కొంచెం మారుతుంది. సెప్టెంబర్‌లో మగవి అరుస్తాయి కాబట్టి కళ్లకంటే చెవులు పనిచేస్తాయి. నవంబర్‌లో మంచు పడ్డాక దక్షిణం వాలుల్లో మంచు త్వరగా కరిగి గడ్డి తేలుతుంది, అక్కడ చూడాలి. మంచు మీద కొత్త అడుగుల చాలు మైలు దూరం నుంచి బైనాక్యులర్స్‌లో తాడు పరిచినట్టు కనపడుతుంది. మా బావమరిది వచ్చే అక్టోబర్ సీజన్ మాత్రం కష్టమైనదే, మగవి జతకట్టే కాలం ముగిసి, అలిసిపోయి ఒంటరిగా చిక్కటి చోట దాక్కుని ఉంటాయి. అప్పుడే గ్లాసింగ్‌కి అసలు పరీక్ష.

సరే, ఇప్పుడు గ్లాసుల సంగతి.

నా మొదటి ఏడాది నేను కూడా మావాడు చేయబోయిన పనే చేశాను. 20-60×80 స్పాటింగ్ స్కోప్ ముందు కొన్నాను, డబ్బులన్నీ దానికే అయిపోయాయి కాబట్టి బైనాక్యులర్స్ మాత్రం ఇంట్లో పడున్న చిన్న 10×25 పట్టుకెళ్లాను. నాలుగు రోజులు వెతికాను, ఒక్క ఎల్క్ కనపడలేదు. మా పక్కింటి పెద్దాయన వయోమింగ్‌లో పుట్టి పెరిగినవాడు, డెబ్బై దాటాయి, ఐదోరోజు నాతో వచ్చాడు. నేను అప్పటికే చూసి ఏమీ లేదని తేల్చేసిన వాలు ముందే కూర్చున్నాడు. తన పాత 10×42 బైనాక్యులర్స్‌ని ట్రైపాడ్ మీద బిగించి, దాన్ని ఒక చోట ఆపి, నన్ను చూడమన్నాడు. చూశాను. చెట్లు. "చూస్తూనే ఉండు" అన్నాడు. నిమిషం గడిచింది, రెండు నిమిషాలు. పడిపోయిన ఒక దుంగ, దాని వెనకాల నీడ, నీడలో ఎండుటాకులాంటిదేదో ఉంది. ఆ ఆకు ఒకసారి వెనక్కి తిరిగి మళ్లీ ముందుకొచ్చింది. చెవి! చెవి దొరికాక దాని పక్కన కన్ను దొరికింది, ఆ తర్వాత దుంగ అనుకున్నదాంట్లో సగం దాని వీపే అని తెలిసింది. ఒక ఆడ ఎల్క్. దాని వెనకాల ఇంకో మూడు. నా ఒళ్లంతా వేడెక్కింది. ట్రైపాడ్ మీద నుంచి తీసి చేత్తో పట్టుకుని అదే చోట చూశాను, ఏమీ లేదు. మళ్లీ బిగించి చూశాను, నాలుగూ అక్కడే ఉన్నాయి.

చేత్తో పట్టుకుంటే మన గుండె కొట్టుకునేది, ఊపిరి తీసేది అంతా పది రెట్లు పెరిగి బొమ్మ వణుకుతుంది. వణుకుతున్న బొమ్మలో కదిలే చెవి కనపడదు, ఎందుకంటే అన్నీ కదులుతూనే ఉంటాయి. బొమ్మ రాయిలా నిలబడినప్పుడే కదిలేది ఒక్కటి కంటికి తగులుతుంది. కాబట్టి నా మాట ఇది: రెండువేల డాలర్ల బైనాక్యులర్స్ చేత్తో పట్టుకున్నవాడి కంటే ఐదొందల డాలర్ల బైనాక్యులర్స్ ట్రైపాడ్ మీద పెట్టినవాడికి ఎక్కువ ఎల్క్ కనపడతాయి. ట్రైపాడ్ కూర్చున్నప్పుడు కంటి ఎత్తుకి వస్తే చాలు, నిలబడే ఎత్తు అక్కర్లేదు. కార్బన్ ఫైబర్‌ది అయితే బరువు తగ్గుతుంది, అల్యూమినియం అయినా పర్లేదు. దాని తల మాత్రం నెమ్మదిగా, కుదుపు లేకుండా తిరగాలి, ఫోటోలకి వాడే బాల్ హెడ్ దీనికి సరిపడదు. బైనాక్యులర్స్‌ని దాని మీద బిగించే ఎడాప్టర్ విడిగా కొనాలి, అన్ని బైనాక్యులర్స్‌కీ ముందు భాగంలో ఆ మరలు ఉండవు, కొనేముందు చూసుకోండి.

అంకెల గురించి కొంచెం ఓపిగ్గా చదవండి, ఇక్కడే అందరూ మోసపోతారు. 10×42 అంటే పది రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు లెన్స్ వెడల్పు 42 మిల్లీమీటర్లు. 42ని 10తో భాగిస్తే 4.2. బైనాక్యులర్స్‌ని మూరెడు దూరంలో పట్టుకుని తెల్లగోడ వైపు తిప్పి కంటి లెన్స్‌లోకి చూడండి, మధ్యలో గుండ్రంగా చిన్న వెలుగు చుక్క కనపడుతుంది, దాని వెడల్పు సరిగ్గా ఆ 4.2 మిల్లీమీటర్లే. ఆ చుక్కలోంచి వచ్చే వెలుగే మన కంట్లోకి వెళ్లేది. మసక వెలుతురులో మన కంటిపాప అయిదారు మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. ఇప్పుడు నా చిన్న 10×25 లెక్క చూడండి, 2.5 మాత్రమే. ఆ స్పాటింగ్ స్కోప్ 60కి తిప్పితే 80ని 60తో భాగించాలి, 1.3. ఎల్క్ తిరిగేది తెల్లారేముందు, చీకటి పడేముందు. కొలరాడోలో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకు వేటాడొచ్చు, ఆ రెండు అరగంటలే బంగారం. ఆ వేళలో 1.3 చుక్కలోంచి చూస్తే మట్టిరంగు తప్ప ఏమీ లేదు. నాలుగు రోజులు నాకు ఎందుకు ఏమీ కనపడలేదో ఈ భాగహారం చెప్తుంది.

పోనీ మధ్యాహ్నం వాడదామా అంటే ఎండమావులు. అక్టోబర్‌లో కూడా పదకొండింటికి నేల వేడెక్కి గాలి నీళ్లలా పారుతుంది, 30, 40 దాటి ఎంత పెంచితే ఆ పారకం అంత పెద్దగా కనపడుతుంది, కొమ్ములు పాముల్లా మెలికలు తిరుగుతాయి. ఇంకో సంగతి, రెట్లు పెరిగేకొద్దీ ఒకేసారి కనపడే వెడల్పు తగ్గుతుంది. వెయ్యి యార్డుల దూరంలో 10×42లో సుమారు 330 అడుగుల వెడల్పు కనపడుతుంది, 15×56లో 230 దాకా ఉంటుంది, స్పాటింగ్ స్కోప్‌లో ఇంకా తక్కువ. దాంతో కొండంతా వెతకడమంటే గొట్టంలోంచి చూస్తూ సంతలో మనిషిని వెతికినట్టే.

మరి స్పాటింగ్ స్కోప్ ఎందుకూ పనికిరాదా? వస్తుంది, కానీ వెతకడానికి కాదు, దొరికిందేమిటో తేల్చుకోవడానికి. ఇక్కడ చాలా యూనిట్లలో, అంటే వేట కోసం విడగొట్టిన ప్రాంతాల్లో, మగ ఎల్క్‌ని కొట్టాలంటే ఒక కొమ్ముకైనా నాలుగు మొనలు ఉండాలి, లేదా నుదుటి దగ్గర మొన కనీసం 5 అంగుళాలు ఉండాలి. తొమ్మిది వందల యార్డుల నుంచి 10×42లో అది లెక్కపెట్టలేం, రెండు గంటలు కష్టపడి దగ్గరికెళ్లాక మూడే మొనలని తెలిస్తే ఆ రోజు పోయినట్టే. అప్పుడు 65 మిల్లీమీటర్ల చిన్న స్కోప్ విలువ తెలుస్తుంది, 80ది మోయాల్సిన పనిలేదు. మీది ఆడ ఎల్క్ టాగ్ అయితే అసలు స్కోప్ ట్రక్కులోనే వదిలేయండి, ఆ బరువు చోట ఇంకో రెండు లీటర్ల నీళ్లు పట్టుకెళ్లండి.

15×56 గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నా, డబ్బుండి, ఒకే చోట రోజంతా కూర్చునే అలవాటుంటే అది అద్భుతమైన వస్తువు, రెండు కళ్లతో చూస్తాం కాబట్టి స్కోప్ కంటే కళ్లు చాలా తక్కువ అలుస్తాయి. ట్రైపాడ్ లేకుండా మాత్రం దాన్ని ముట్టుకోవద్దు. మొదటి జత ఎప్పుడూ 10×42నే. అడవి చిక్కగా ఉండి రెండొందల యార్డులు దాటి కనపడని చోట వేటాడేవాళ్లకి 8×42 ఇంకా బాగుంటుంది.

బ్రాండు గురించి ఎక్కువ మాట్లాడను. స్వరోవ్‌స్కీ, జైస్ చేతిలో ఉంటే అదృష్టమే, సాయంత్రం దాకా చూసినా తలనొప్పి రాదు. అంత పెట్టలేనివాళ్లకి వోర్టెక్స్, ల్యూపోల్డ్, మేవెన్ లాంటివాటిలో నాలుగొందల నుంచి వెయ్యి డాలర్ల మధ్య చక్కటివి ఉన్నాయి. షాపులో లైట్ల కింద చూసి కొనకండి, అక్కడ అన్నీ ఒకేలా బాగుంటాయి. సాయంత్రం పూట వెళ్లి, అడిగి, తలుపు బయటికి తీసుకెళ్లి, పార్కింగ్ అవతల నీడలో ఉన్న పొదలోకి చూడండి, తేడా అక్కడ తెలుస్తుంది. అయిదు నిమిషాలు చూశాక కళ్ల వెనకాల లాగినట్టుంటే రెండు గొట్టాలూ ఒకే చోటికి చూడట్లేదని అర్థం, ఎంత చవకైనా వదిలేయండి.

కళ్లద్దాలు ఉన్నవాళ్లు, అంటే మనలో చాలామంది, ఐ రిలీఫ్ అనే అంకె తప్పకుండా చూడాలి, కంటి లెన్స్ నుంచి మన కన్ను ఎంత దూరంలో ఉండొచ్చో చెప్పేది అది. 16, 17 మిల్లీమీటర్లు ఉంటే అద్దాలతోనే బొమ్మ మొత్తం కనపడుతుంది, అంతకంటే తగ్గితే అంచులు నల్లబడతాయి. కొన్నాక మొదటి పని, కుడి గొట్టం ముందు చెయ్యి అడ్డం పెట్టి ఎడమకంటితో మధ్య చక్రం తిప్పి దూరపు బోర్డు మీది అక్షరాలు స్పష్టం చేసుకోవాలి, తర్వాత ఎడమ గొట్టం మూసి, ఆ చక్రం ముట్టుకోకుండా, కుడికంటి దగ్గరుండే చిన్న రింగు తిప్పి అవే అక్షరాలు స్పష్టం చేసుకోవాలి. రెండు నిమిషాల పని. ఇది చేయకుండా ఏళ్ల తరబడి వాడినవాళ్లు నాకు తెలుసు, వాళ్లంతా బైనాక్యులర్స్ అంటే తలనొప్పి అంటారు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్తాను. కనపడ్డదేంటో చూడటానికి రైఫిల్ మీది స్కోప్ ఎప్పుడూ వాడకూడదు. స్కోప్‌లోంచి చూస్తున్నామంటే తుపాకీ అటు గురిపెట్టినట్టే, అక్కడున్నది మనిషి కావచ్చు. ఇక్కడ రైఫిల్ సీజన్‌లో ఒంటి మీద 500 చదరపు అంగుళాల ఫ్లోరసెంట్ ఆరెంజ్ లేదా పింక్ ఉండాలని, తల మీద టోపీ కూడా ఆ రంగే ఉండాలని చట్టం పెట్టింది ఊరికే కాదు.

మూడేళ్ల కిందటి సాయంత్రం ఒకటి నన్ను ఇప్పటికీ వెంటాడుతుంది. చివరి పది నిమిషాలు, విల్లో పొదల అంచున పెద్ద ఆకారం, తల కిందికి పెట్టి మేస్తోంది. నాతో ఉన్న స్నేహితుడికి ఆడ ఎల్క్ టాగ్ ఉంది, దూరం రెండొందల ముప్పై యార్డులు, వాడు అప్పటికే బ్యాగ్ మీద రైఫిల్ ఆనించాడు. నేను బైనాక్యులర్స్‌లో చూస్తున్నాను, ఏదో తేడాగా ఉంది, వెనకభాగంలో ఎల్క్‌కి ఉండే మీగడరంగు మచ్చ కనపడట్లేదు, ఒళ్లంతా ఒకటే ముదురు రంగు. ఆగు ఆగు అన్నాను. అది తలెత్తింది, పొడుగు మూతి, కిందికి వాలిన ముక్కు. మూస్. ఎల్క్ కంటే పెద్దదైన ఇంకో జింక జాతి అది. 1978లో నార్త్ పార్క్‌లో తెచ్చి వదిలాక మూస్ ఈ ప్రాంతమంతా బాగా పెరిగాయి, మసకలో వాటిని ఎల్క్ అనుకుని కాల్చేసినవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. స్నేహితుడు చాంబర్‌లోంచి తూటా తీసేసి చాలాసేపు మాట్లాడలేదు. ఆ వెలుతురులో నా దగ్గర ఆ 10×25 ఉండి ఉంటే నాకు ఆ మచ్చ లేదన్న సంగతి తెలిసేది కాదు.

చూసే పద్ధతి గురించి చెప్పి ఆపుతాను. వెళ్లి కూర్చోగానే ట్రైపాడ్ తెరవకుండా, మామూలు కళ్లతో, తర్వాత చేతిలోని బైనాక్యులర్స్‌తో బయళ్లన్నీ చకచకా చూసేస్తాను, బయటున్నవి లోపలికి వెళ్లిపోయేలోపు. ఆ తర్వాత ట్రైపాడ్. వాలు పైన ఎడమ మూల నుంచి మొదలుపెట్టి, ఒక చోట ఆపి, గ్లాసుని కదపకుండా కళ్లని మాత్రం ఆ గుండ్రంలో తిప్పుతాను, లెక్కపెట్టి ఇరవై సెకన్లు, తర్వాత పాత బొమ్మలో కొంత కొత్త బొమ్మలోకి వచ్చేలా పక్కకి జరుపుతాను. వరి నాటేవాళ్లు వరస తప్పకుండా వెనక్కి జరిగినట్టు. మొత్తం ఎల్క్‌ని వెతకను, నిలువు చెట్లలో అడ్డంగా ఉన్న గీత కోసం, మీగడరంగు మచ్చ కోసం, కొమ్ము మొన మెరుపు కోసం చూస్తాను. అయిపోయాక మళ్లీ మొదటి నుంచి, అదే వాలు. మధ్యాహ్నం ఎండ జరిగి నీడ తప్పినప్పుడు పడుకున్నవి లేచి రెండడుగులు జరిగి మళ్లీ పడుకుంటాయి, ఆ అరనిమిషం కోసం రెండు గంటలు కూర్చోవడం నాకు అలవాటైంది. కింద మందపాటి ఫోమ్ ముక్క, ఫ్లాస్కులో అల్లం టీ, డబ్బాలో పులిహోర ఉంటే ఆ రెండు గంటలు బరువనిపించవు. చలిలో వేడి ఊపిరి తగిలి కంటి లెన్స్ మసకబారుతుంది, చూస్తున్నప్పుడు ఊపిరి కిందికి వదలడం నేర్చుకోవాలి.

రేయ్, నువ్వు ఇది చదువుతుంటావు కాబట్టి చెప్తున్నా, ఆ స్కోప్ ఆర్డర్ పెట్టకు. ఆ డబ్బుతో 10×42, మంచి ట్రైపాడ్, ఎడాప్టర్ తీసుకో. నీది మగ ఎల్క్ టాగ్ కాబట్టి కొమ్ములు లెక్కపెట్టడానికి నా 65 స్కోప్ ఉంది, ఇద్దరికీ ఒకటి చాలు. ఆగస్టులో రెండో వారం మీ అక్కయ్యనీ పిల్లల్నీ తీసుకుని అక్కడే క్యాంపు వేస్తున్నాం, నువ్వూ రా. ఈస్ట్ ట్రబుల్‌సమ్‌లో కాలిన వాలుకి ఎదురుగా మ్యాప్‌లో రెండు కొత్త సీట్లు గుర్తు పెట్టాను, పొద్దున నాలుగున్నరకి బయల్దేరితే వెలుతురు వచ్చేసరికి మొదటిదాంట్లో కూర్చోవచ్చు.